గుంజని కొలత

తడిసిన ఊలుకు ఒక వాసన ఉంటుంది. వానలో తడిసి వచ్చిన గొర్రె పక్కన నిలబడితే వచ్చేలాంటిది; కొంచెం గడ్డి, కొంచెం చెమట, కొంచెం పాత దుప్పటి. ఈ పొద్దున్నుంచి కోరుట్లలో మా బట్టల దుకాణం నిండా అదే వాసన. గల్లాపెట్టె పక్కన తువ్వాల పరిచి, దాని మీద అరచేతికంటే కాస్త పెద్దదైన అల్లిక ముక్కను ఆరబెట్టాను. చీరలు చూడడానికి వచ్చిన ఒకావిడ ముక్కు చిట్లించి, "ఎల్క గిట్ల సచ్చిందా సేటూ?" అని అడిగింది. "లేదమ్మా, స్వెటర్ పుడుతున్నది" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చీర కొనకుండానే వెళ్లిపోయింది. పదిహేనేళ్ల కిందట అయితే ఆ ముక్కను బల్ల కిందికి తోసేసి, ఆమె వెనకాల సందు చివరిదాకా పరుగెత్తేవాణ్ణి. ఇవాళ కదల్లేదు. ఆరేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని మా ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పాను కూడా. ఈ మొండితనం నా సొంతం కాదు. అనసూయవ్వ దగ్గర నేర్చుకున్నది.

అనసూయవ్వను మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుండే మనిషి కాదు. బక్కగా, పొట్టిగా, చెవులకు గంటీలు, భుజాన ఒక గుడ్డసంచి. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గాల ఇంటికే కోడలుగా పోయింది. ఆమె కళ్లముందే చేతిమగ్గాలు పోయి సాంచాలు వచ్చాయి. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఇంట్లో నాలుగు సాంచాలు, వాటిని నడిపే కొడుకు ఉండగా, అరవై దాటిన వయసులో మనవరాలు సంధ్యను వెంటబెట్టుకుని కోరుట్లకు వచ్చి మా దుకాణం వెనక సందులో ఒక గది తీసుకుంది. కారణం ఆ పిల్లే. సంధ్య సరిహద్దు దళంలో ఉద్యోగానికి పరీక్ష రాస్తానంది. తండ్రి వద్దన్నాడు. నాయనమ్మ "రాస్తది" అంది. తెల్లారగట్ల మైదానంలో పరుగెత్తుతుంటే "ఎవల బిడ్డవే నువ్వు?" అని ఆపి అడిగేవాళ్లు లేని ఊరు కావాలి ఆమెకు. కోరుట్ల అందుకు సరిపోయింది.

మా దుకాణానికి ఆమె మొదటిసారి వచ్చింది మూడు మీటర్ల లంగా గుడ్డ కోసం. నేను తాను విప్పి కొలుస్తున్నాను. ఇక్కడ మా ఇంటి విద్య ఒకటి చెప్పాలి. నాకు పన్నెండేళ్లప్పుడే బాపు, అంటే మా నాన్న, నేర్పాడు: బొటనవేలితో గుడ్డను స్కేలుకు అదిమిపట్టి, రెండో చేత్తో మెత్తగా గుంజాలి. గుంజిన సంగతి గుడ్డకు తెలియాలి, కొనేవాళ్లకు తెలియకూడదు. మూడు మీటర్ల మీద నాలుగు వేళ్ల గుడ్డ మిగులుతుంది. నా చెయ్యి ఆ పనిలో ఎంత ఆరితేరిందంటే, అది గుంజుతున్నట్టు నాకే తెలిసేది కాదు.

"సేటూ, గా గుడ్డను గుంజకు" అంది ఆమె.

"గుంజుతలేనవ్వా, సాపు చేస్తున్న."

"సాపు చేస్తే గింత పొడుగెందుకైతది? నేను నేతోల్ల బిడ్డను. నా ముంగట్నా నీ కత? ఇడిసిపెట్టు. రెండు చేతులు ఎన్కకు పెట్టుకో. ఇప్పుడు కండ్లతోటి చూడు, ఎంతున్నదో."

దుకాణంలో ఇంకా ఇద్దరు కొనేవాళ్లున్నారు. ఏం చెయ్యను? తప్పుచేసిన బడిపిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. గుడ్డ బల్ల మీద నెమ్మదిగా వెనక్కి జరిగింది, నిద్రలో కాళ్లు ముడుచుకున్నట్టు. గద్దె మీద బాపు దగ్గాడు. ఆయన దగ్గుకు మా ఇంట్లో పది అర్థాలున్నాయి. ఆ రోజుది "దద్దమ్మ" అనే అర్థంలోది.

తరువాత ఆమె ఊలు కోసం రావడం మొదలుపెట్టింది. అల్లిక ఆమెకు పుట్టింటిదీ కాదు, మెట్టినింటిదీ కాదు. చిన్నతనంలో కొడుక్కి జబ్బుచేసి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే, అక్కడి కేరళ నర్సమ్మ ఒకామె నేర్పిందట. సూదులు కొనలేక రెండు సైకిల్ పుల్లల్ని బండ మీద అరగదీసుకుంది. ఆ పుల్లలే ఇంకా వాడేది. చలికాలం రాగానే రోడ్డు పక్కన గుడారాలేసి స్వెటర్లమ్మేవాళ్లు మా గిరాకీ ఎత్తుకుపోతుంటే, అనసూయవ్వ స్వెటర్లు మా దుకాణంలో వేలాడదీశాను. కానీ ఆమె దగ్గర బేరం సాగదు. ఎంత తగ్గించమన్నా ఒకటే మాట: "ఇరవై రోజుల పని సేటూ." అబద్ధమని నా నమ్మకం. పది రోజుల్లో అయిపోయేదాన్ని ఇరవై అని చెబుతోందనీ, ఆ గుట్టు పట్టుకుంటే బేరం నా చేతిలో ఉంటుందనీ లెక్కవేసి, ఒకనాడు వెళ్లి నాకూ నేర్పమన్నాను.

"ఎందుకు?"

"ఊరికెనే అవ్వా."

"అంగడోల్లు ఊరికెనే ఏదీ నేర్సుకోరు. నా రోజులు లెక్కవెట్టనీకి అచ్చినవు నువ్వు. రా, కూసో. లెక్కవెట్టు."

నా మొదటి మఫ్లరుకు నలభై రోజులు పట్టింది. అది ఒక కొసన జానెడు, రెండో కొసన మూరెడు వెడల్పు వచ్చింది. అప్పటినుంచి ఇరవై రోజుల సంగతి ఎత్తలేదు. కానీ అల్లడం మానలేకపోయాను, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో గల్లా దగ్గరే కూర్చుని అల్లేవాణ్ణి. ఎదురుగా స్టీలు సామాన్ల దుకాణం ఆయన రోజూ రోడ్డు అవతల్నుంచే అడిగేవాడు: "ఏం సేటూ, ఎన్నో నెల?" బాపు అయితే పదిరోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు, "దుకాణంల కూసోని గిదేం పనిరా? చూస్తే నీకెవడన్న పిల్లనిస్తడా?" అన్నాడు.

"నాకు పెండ్లయి ఎనిమిదేండ్లాయె బాపూ."

"గందుకే బతికినవు."

ఇదంతా అనసూయవ్వకు చెప్పుకుంటే ఓదారుస్తుందనుకున్నాను. ఆమె సూదుల మీంచి కళ్లెత్తకుండా, "మా ఇంట్ల ఆడోల్లు మగ్గమెక్కద్దన్నరు. గీడ మగోల్లు సూదులు పట్టద్దంటున్నరు. అందరు అద్దన్నప్పుడే పని మంచిగ కుదురుతది. దాసుకోకు. రోడ్డుకు కనవడేటట్టు కూసో" అంది. మర్నాటి నుంచి కుర్చీని గుమ్మం దగ్గరికి జరిపాను.

ఆ ఏడే సంధ్యకు ఉద్యోగం వచ్చింది. నలభై అయిదు రోజుల్లో బయల్దేరాలి. శిక్షణ ఎక్కడో ఉత్తరాన, మంచు కురిసే కొండల్లో. కొడుకు సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి, "గా మంచుల మన పొల్ల ఆగుతదానే అవ్వా? వారం రోజులల్ల ఎన్కకొస్తది, చూడు" అన్నాడట. "రాదు. నేనల్లిన స్వెటర్ తొడుక్కొని పోతది. పోయి ఆడనే ఉంటది" అని ఈమె అందట. అన్న మూడో రోజున తడిమెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కొడుకు ఆటో తీసుకుని వచ్చాడు, సిరిసిల్లకు తీసుకుపోవడానికి. ఎక్కబోతూ నన్ను పిలిచింది.

"సేటూ, నీ చెయ్యి ఇయ్యి."

ఎక్కించడానికేమో అనుకుని చెయ్యి చాచాను. ఆమె అందులో ఊలు సంచి, తన సైకిల్ పుల్లలు పెట్టింది.

"స్వెటర్ నాతోటి కాదవ్వా. నేను మఫ్లర్లోన్ని."

"నాలుగు మఫ్లర్లు అతుకవెడితే స్వెటరే. ముందుగాల మచ్చు తియ్యి. నలభై కుట్లు, నలభై వరుసలు. తడుపు. ఆరవెట్టు. ఆరినంక కొలువు. అంగుళానికి ఎన్ని కుట్లో చూసి, గప్పుడు అసలుది మొదలువెట్టు."

"నలభై ఎందుకు? ఇరవై చాలదా?"

"బేరం నాతోటి చేస్తవు సరే. ఊలు ఇంటదా నీ బేరం?"

ఆటో కదిలింది. నేను బేరం కొనసాగించాను, ఈసారి అడ్డుచెప్పేవాళ్లు లేరు కాబట్టి గెలిచాను. మా వ్యాపారాల్లో మచ్చు అంటే వేరే సంగతి. పసుపు మార్కెట్లో చూడండి, బస్తా మూతి దగ్గర మంచి కొమ్ములే ఉంటాయి. మచ్చు అంటే ఎదుటివాడికి చూపించేది. అవతల మనిషే లేనప్పుడు ఒక ఉండ ఊలు ఎవరికి చూపించడానికి తగలెయ్యాలి? ఇరవై నాలుగు కుట్లు, పది వరుసలు అల్లాను. తడపలేదు. స్కేలు తీసి, బొటనవేలితో అదిమిపట్టి, రెండో చేత్తో... మీరు ఊహించే ఉంటారు. ఒక గీత తక్కువ ఐదంగుళాలు వచ్చింది. ఐదనుకున్నాను. అంటే అంగుళానికి ఐదు కుట్లు. సంధ్య వీపు పంతొమ్మిది అంగుళాలు. తొంభై ఐదు కుట్లెక్కించి మొదలుపెట్టాను.

మర్నాడు ఆమె ఫోన్ చేసి, "ఎంతచ్చింది?" అని అడిగింది.

"ఐదు."

"గీ ఊలుకు ఐదా?" అంది. "తడిపినవా?"

"తడిపిన."

"సరే. కొలిచినోనివి నువ్వు" అని పెట్టేసింది.

పన్నెండు రోజుల్లో వీపు భాగం పూర్తయింది. మఫ్లరుకు నలభై రోజులు పట్టినవాడికి ఇది చిన్న విషయం కాదు. ఆ ముక్కను కొత్తచీరలా మడిచి కవర్లో పెట్టుకుని, మెచ్చుకోలు కోసమే సిరిసిల్ల బస్సెక్కాను. ఇంటి ముందరి షెడ్డులో సాంచాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడులో మనుషులు మాట్లాడుకోవాలంటే నోటి కదలికలు చూసుకోవాలి. లోపలి గదిలో అనసూయవ్వ మంచమ్మీద కూర్చుని ఉంది, కుడిచేతికి పిండికట్టు. ముక్కను పరుపు మీద పరిచింది. టేపు అడగలేదు. ఎడమచేతి జానతో ఒకసారి, మళ్లీ సగం జాన, ఆపైన మూడు వేళ్లు.

"పదారు" అంది.

"పంతొమ్మిదవ్వా. లెక్కవెట్టి చేసిన."

"మచ్చు ఏది?"

జేబులోంచి తీసిచ్చాను. దాన్ని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ వెడల్పు చేసి ఆనించింది. నాలుగంగుళాలు. అంగుళానికి ఆరు కుట్లు. ఆమె తల ఎత్తి నా చేతుల వైపు చూసింది, ముఖం వైపు కాదు. నాకు అర్థమైంది. ఇన్నేళ్లుగా ఎందరికో నాలుగు వేళ్లు తక్కువ కొలిచిచ్చాను. ఆ కొలతకు నేనే కొనేవాణ్ణయింది మాత్రం అదే మొదలు.

గుమ్మంలో నిలబడ్డ కొడుకు, "పోనియ్యే అవ్వా. బజార్ల మంచి మంచియి దొరుకుతయి, ఒకటి కొనిస్త" అన్నాడు. చెడ్డ మనిషి కాదు. బిడ్డ వెళ్లడం ఇష్టంలేక, వెళ్లకపోవడానికి దారులు వెతుక్కుంటున్న తండ్రి.

నాకూ ఆశ పుట్టింది. "పక్కలకు రెండు పట్టీలల్లి అతుకుత అవ్వా. తెల్వనే తెల్వది" అన్నాను.

"ఎవలకు తెల్వది?" అంది. "ఇప్పు."

"పన్నెండు రోజుల పని."

"ఇప్పు సేటూ."

విప్పాను. అల్లినదాన్ని విప్పడం ఎంత తేలికో చూస్తే సిగ్గేస్తుంది. పన్నెండు రోజులు అరగంటలో పోయాయి. నేను లాగుతుంటే ఆమె ఎడమచేత్తో, తిరగేసిన స్టూలు కాళ్ల చుట్టూ ఆ దారాన్ని చుట్టింది. మధ్యలో లేచి, ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక తెల్లగుడ్డ ముక్క తెచ్చి నా ముందు పడేసింది. బెత్తెడు వెడల్పు, మూరన్నర పొడవు, రెండు పక్కలా బ్లేడుతో కోసిన అంచులు.

"పదమూడేండ్లప్పుడు మా నాయిన ఊరికి పోయిండు. నేను మగ్గమెక్కిన. గా ముక్క నేసిన. మాపటికి అచ్చి చూసిండు. బ్లేడు తీస్కోని గంత మేరకే కోసిండు. ఆడదాని చెయ్యి పడ్డదట. నేతల తప్పు లేదు. పోగులు లెక్కవెట్టుకో."

లెక్కపెట్టాను. అంగుళం అంగుళానికీ ఒకటే లెక్క, ఈ కొసన ఎన్నో ఆ కొసనా అన్నే.

"గిది నా మచ్చు" అంది. "మచ్చు ఎవలకో చూపెట్టేది కాదు సేటూ. నీ చెయ్యి ఎసొంటిదో నీకు చెప్పేది. గా మచ్చుల గూడ అబద్ధమాడితివి, ఇంక నిజం ఏడ చెప్తవు?"

సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. కొడుకు గుమ్మంలోంచి ఎప్పుడు తప్పుకున్నాడో చూడలేదు.

ఇరవై ఆరు రోజులు మిగిలాయి. ఆ సాయంత్రమే, జంతికల్లా వంకర్లు పోయిన ఆ ఊలును తడిపి ఆరేశాం. మర్నాడు అనసూయవ్వ కొడుకు మాట వినకుండా కట్టుచేత్తోనే నాతో కోరుట్ల బస్సెక్కింది. నలభై కుట్లు, నలభై వరుసలు. ఒక పగలంతా మచ్చుకే పోయింది. తడిపాను. ఒకటిన్నర రోజు ఆరింది. ఆ ఒకటిన్నర రోజూ, రోజులు దగ్గరపడుతుంటే, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం నా వ్యాపారి ప్రాణానికి ఎంత కష్టమైందో చెప్పలేను. ఆరాక చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, కళ్లతో కొలిచాను. అంగుళానికి ఆరు. నూట పద్నాలుగు కుట్లు ఎక్కించాలి. డెబ్భై దగ్గర ఒకరు, తొంభై ఎనిమిది దగ్గర ఇంకొకరు తువ్వాళ్లు అడిగి లెక్క తప్పించారు. మూడోసారి పైకే అంటూ లెక్కపెట్టాను. "మొదటి వరుస బిగియ్యకు. బిగిస్తే మనిషి దూరదు" అంటూ ఆమె పక్కన పీట మీద కూర్చుంది. స్టీలు దుకాణం ఆయన రోడ్డవతల్నుంచి ఏదో అడగబోయాడు. అనసూయవ్వ తన కట్టుచేతిని ఎత్తి చూపించింది. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

రాత్రుళ్లు కూడా మేలుకుని అల్లితే, బయల్దేరే రోజుకు ముందూ వెనకా అయ్యాయి, ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి మోచేతి కిందికి వచ్చింది. జగిత్యాలలో బస్సు మారి సంధ్య రైలు దగ్గరికి పోవాలి. నాయనమ్మా మనవరాళ్లతోపాటు నేనూ ఎక్కి, కోరుట్ల నుంచి జగిత్యాల దాకా కిటికీ పక్క సీట్లో కూర్చుని అల్లుతూనే ఉన్నాను. కండక్టర్ టికెట్ చింపి, నా చేతుల్ని చూసి, చిల్లర ఇవ్వడం మరిచిపోయాడు. నేను అడిగి తీసుకున్నాననుకోండి. జగిత్యాల బస్టాండులో దిగేసరికి మణికట్టుకు నాలుగు వేళ్లు తక్కువ. అందులోనూ ఊలు అయిపోయింది. విప్పినప్పుడు తెగిన ముక్కలు, నేను తగలేసిన మొదటి మచ్చు, అన్నీ కలిసి ఆ నాలుగు వేళ్లు మింగేశాయి.

సిరిసిల్ల నుంచి వచ్చిన కొడుకు అక్కడే నిలబడి ఉన్నాడు. సంధ్య స్వెటర్ తొడుక్కుంది. వీపు, భుజాలు, నడుము ఆ పిల్ల ఒంటి మీద పుట్టినట్టు కుదిరాయి. ఒక చెయ్యి మాత్రం పొట్టి, సైకిల్ పుల్లల మీద కుట్లు అలాగే ఉన్నాయి.

"తడిపి జర గుంజితే అందుతదవ్వా" అన్నాను. నిజంగానే అన్నాను. అలవాటు అంత తొందరగా చావదు.

అనసూయవ్వ నావైపు చూడను కూడా లేదు. "సూదులు దానికే ఇయ్యి. మిగిలింది అదే అల్లుకుంటది" అంది.

కొడుకు, "ఒక చెయ్యి పొట్టిగ, గట్లనే పోతదా పొల్ల?" అన్నాడు.

సంధ్య నవ్వింది. "గా నాలుగు వేళ్ల చలికి నేనాగుత బాపూ" అని పుల్లలు జారకుండా వాటి కొసలకు రబ్బరు బ్యాండ్లు చుట్టి, బస్సెక్కింది. తండ్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. అనసూయవ్వ కళ్లలో మాత్రం లేవు. బస్సు మలుపు తిరిగేదాకా గడ్డం పైకెత్తి నిలబడింది, పందెం నెగ్గిన మనిషిలా.

మంచు కరిగే కాలానికి ఒక ఫోటో వచ్చింది. వారం రోజుల్లో వెనక్కి వస్తుందన్న పిల్ల తెల్లటి కొండ ముందు నిలబడి ఉంది. స్వెటర్ ఒక చేతికి మణికట్టు దగ్గర నాలుగు వేళ్ల మేర ఖాకీరంగు. ఆ రంగు ఊలు అక్కడే దొరికిందట. అనసూయవ్వ ఫోటోను దగ్గరికి లాక్కుని, పిల్ల ముఖం కంటే ముందు ఆ ఖాకీ వరుసలు చూసింది. "సమానంగనే అచ్చినయి" అంది.

ఆమె పోయి నాలుగేళ్లయింది. సంధ్య ఇంకా అక్కడే ఉంది. కొండ మారింది, స్వెటర్ మారలేదు. నా దగ్గర మిగిలింది పదివరుసల ఆ దొంగ మచ్చు. సిరిసిల్లలో ఆమె ఒళ్లోంచి తీసి నా జేబులో కుక్కింది. స్కేలు పెట్టే చోట మేకుకు తగిలించాను, స్కేలు తీసినప్పుడల్లా కంటపడుతుంది. మా దుకాణంలో గుడ్డను గుంజి కొలవడం ఆ ఏడాదే మానేశాను. బాపుతో పెద్ద రభసే అయింది. "గట్లయితే దుకాణం మూసుకో" అన్నాడు. మూసుకోలేదు. ఈ బజారులో గుంజకుండా కొలిచేది మేమొక్కరమేనని నేను చెప్పుకోను. చెప్పుకుంటే అదీ బేరమే అవుతుంది.

ముక్క ఆరింది. ఈ స్వెటర్ బాపుకు. ఎనభై దాటాక ఆయనకు చలి ఎక్కువైంది, గిదేం పనిరా అన్న నోటితోనే పోయిన వారం, ఎటో చూస్తూ, "ఆ మెడ దాకా వచ్చేటిది ఎన్ని రోజులు పడ్తదిరా?" అని అడిగాడు. ఇరవై అన్నాను. పది చేయమన్నాడు. కుదరదన్నాను.

ఇప్పుడు స్కేలు తీసి ముక్క పక్కన పెట్టాను. గోడవార కుర్చీలోంచి ఆయన మెడ చాచి చూస్తున్నాడు.

"ఒరేయ్" అన్నాడు బాపు. "గుంజకు."

చేతులు వెనక్కి పెట్టుకుని వంగాను. నాలుగంగుళాలకు ఇరవై రెండు కుట్లు.